రంగు సరే, బరువెంత?

మే నడిమిలో వాల్‌ఐ చేపల వేట సీజన్ తెరవగానే మన మిన్నెసోటా వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు మొదలవుతాయి. వాటి కింద వచ్చే మొదటి ప్రశ్న ఏటా ఒకటే: "అన్నా, ఏ కలర్ లూర్?" లూర్ అంటే చేపను మోసం చేసే ఉత్తుత్తి ఎర. సమాధానం రాగానే నలుగురైదుగురు అదే రంగు ఆర్డర్ పెడతారు. వారం తిరిగేసరికి వాళ్లలో సగంమంది "మాకేం పడలేదు, ఆ లేక్ బాగోలేదు" అంటారు. చేప ఎన్ని అడుగుల లోతులో పడింది, జిగ్ (గుండున్న లూర్) బరువెంత, పడవ ఎంత వేగంతో పోతోంది అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. నన్నడిగితే ముందు అడగాల్సినవి ఆ మూడే. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాల్‌ఐ కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. రాత్రిపూట టార్చి వేస్తే కళ్లు మెరిసేది అందుకే. పొద్దు వాలాక, మబ్బు పట్టినప్పుడు, గాలికి అలలు లేచి నీళ్లలో వెలుతురు చెదిరినప్పుడు దానికి బాగా కనిపిస్తుంది, అది తినే చిన్న చేపలకు సరిగా కనబడదు. వేటకు దిగేది అప్పుడే. ఎరుపు, నారింజ వైపు రంగులూ, ఆకుపచ్చ వైపు రంగులూ దాని కంటికి బాగా ఆనతాయి. నీలం, ఊదా అంతగా ఆనవు. ఇంతమాత్రం దానికి షాపు గోడ నిండా అన్ని రంగులెందుకు? చీరల షాపులో లైట్ల కింద ఎంచుకున్నట్టు మనం ఎంచుకుంటామని, అందుకు.

జిగ్ సంగతికి వద్దాం. గాలానికి సీసపు గుండు పోత పోసి, దానికి మెత్తటి ప్లాస్టిక్ తోక తొడిగితే అదే జిగ్. దీని పనంతా నేల దగ్గరే, ఎందుకంటే వాల్‌ఐ ఎక్కువగా అక్కడే తిరుగుతుంది. గుండు తేలికైతే గాలికి పడవ జరిగిపోతుంది, లైన్ (గాలపు దారం) విల్లులా వంగుతుంది, జిగ్ నేలను తాకకుండానే తేలిపోతుంది. మరీ బరువైతే రాయిలా దబ్బున దిగిపోతుంది. చేప చాలాసార్లు అందుకునేది కిందికి జారుతున్న జిగ్‌నే కాబట్టి ఆ జారడం నెమ్మదిగా ఉండాలి. 10 అడుగుల లోతుకు 1/8 ఔన్సుతో మొదలుపెట్టడం ఇక్కడివాళ్ల లెక్క. గాలి పెరిగినా, లోతు పెరిగినా 1/4కు, అవసరమైతే 3/8కు వెళ్లాలి. నేల తగిలినట్టు వేలికి తెలియాలి, అలా తెలిసే బరువుల్లో అన్నిటికన్నా తేలికైనది వాడాలి. నా పెట్టెలో రంగులు మూడే, బరువులు మాత్రం అన్నీ ఉంటాయి.

ఇంకో సంగతి. మిన్నెసోటాలో మంచు లేని నీళ్లలో మామూలుగా ఒక మనిషికి ఒకటే లైన్. కాబట్టి పడవలో నలుగురుంటే నలుగురూ ఒకే బరువు కట్టి రంగులు మార్చి చూడటం దండగ. తలా ఒక బరువు కట్టండి. అరగంటలో ఎవరికి తగులుతోందో చూసి మిగతావాళ్లు అటు మారండి.

క్రాంక్‌బెయిట్లకూ, అంటే లాగితే నీళ్లలోకి దిగి ఈదే చేప ఆకారపు లూర్లకూ, ఇదే వరస. మూతి దగ్గరున్న ప్లాస్టిక్ పెదవి పెద్దదైతే ఎక్కువ లోతుకు దిగుతుంది. సన్నటి లైన్‌కు నీళ్ల ఒరిపిడి తక్కువ, అందుకని ఇంకా దిగుతుంది. ఎంత లైన్ వదిలారన్నది కూడా లెక్కే. 1936లో ఫిన్లాండ్ జాలరి లౌరి రాపాలా బెరడు చెక్కి తన మొదటి లూర్ చేసినప్పుడు పట్టుకున్నది నడకని. దెబ్బతిన్న చిన్న చేప కొంచెం పక్కకు ఒరిగి ఈదుతుంది, పెద్ద చేపలు గుంపులోంచి దాన్నే ఏరుకుంటాయి. ఆ ఒరగడం బెరడు ముక్కకు నేర్పాడు. పైన చుట్టింది చాక్లెట్ రేకు!

రంగుకు విలువే లేదని అనడం లేదు. లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, అక్కడ బంగారు రంగు, నారింజ పనిచేస్తాయి. మిల్ లాక్స్ లేక్‌లో 2005లో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు కనబడ్డాయి. అవి నీళ్లను వడగట్టి వడగట్టి తేటగా చేసేశాయి, కాబట్టి అక్కడ పగటిపూట చిన్న చేపను పోలిన సహజమైన రంగులు మేలు. అంతకుమించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

"నిజమైన ఎర ఉండగా ప్లాస్టిక్ ఎందుకు?" అనేవాళ్లున్నారు. మే నెల చల్లటి నీళ్లలో జిగ్‌కు నిజమైన మిన్నో (చిన్న ఎర చేప) గుచ్చితే ప్లాస్టిక్ దాని ముందు నిలవదు, ఒప్పుకుంటాను. నీళ్లు వెచ్చబడ్డాక ఆ తేడా బాగా తగ్గుతుంది. పైగా ఎర బకెట్‌తో బోలెడు నియమాలు. మిగిలిన ఎరను లేక్‌లో వదలకూడదు, చెత్తబుట్టలో వేయాలి. ఒడ్డు వదిలేముందు లేక్ నీళ్లు పారబోయాలి. మన పిల్లల్లో ఎరగా వాడే జలగను ముట్టుకోమంటే పరిగెత్తేవాళ్లే ఎక్కువ. వాళ్ల చేతికి జిగ్ ఇస్తే రాడ్ ఎత్తి దించుతూ ఏదో ఒక పనిలో ఉంటారు, ఫోన్ అడగరు.

సీసం గురించి మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. ఈ రాష్ట్ర పక్షి లూన్. తెగిపోయిన సీసపు జిగ్గులు, గుళ్లు మింగి లూన్లు చచ్చిపోతున్నాయి. టంగ్‌స్టన్‌ది ఖరీదెక్కువే. కానీ సీసం కన్నా సాంద్రత ఎక్కువ కాబట్టి అదే బరువుకు గుండు చిన్నదవుతుంది, నేల తగిలితే వేలికి ఇంకా బాగా తెలుస్తుంది. పది రంగులకు పెట్టే డబ్బు ఇటు పెట్టండి. సీసపు గుళ్లను పళ్లతో నొక్కి లైన్‌కు బిగించే అలవాటుంటే ఇవాళే మానండి, పిల్లలు చూసి నేర్చుకుంటారు.

మన సంఘం వేసవి పిక్నిక్ ఎలాగూ లేక్ ఒడ్డునే. ఆటల పోటీలతో పాటు ఒక గంట జిగ్ కట్టడం, బరువు ఎంచడం చూపించే బల్ల ఒకటి పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. 16 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సు తీసుకుని రావాలని ఆహ్వానంలోనే రాయండి. ఇకనుంచి గ్రూపులో ఫొటో పెట్టేవాళ్లు లోతు, బరువు, గాలి ఎటునుంచి ఉందో కూడా రాయండి. లేక్ పేరు దాచుకుంటే దాచుకోండి, దానికి ఎవరూ ఏమనుకోరు.