కిరీటం ఒక్కటే తెచ్చిపెట్టిందా?

ఐశ్వర్యా రాయ్ గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మిస్ వరల్డ్ కాకపోతే ఆమె ఎవరో తెలిసేదే కాదు. కిరీటం రాగానే హిట్లే హిట్లు. గొంతు కూడా ఆమెది కాదు, ఇంక నటన ఏముంది? పెళ్లితో అంతా అయిపోయింది." చదవడానికి బాగానే ఉంది, నిజం మాత్రం పావు వంతే.

కిరీటం వచ్చింది 1994 నవంబర్‌లో. పెప్సీ యాడ్ వచ్చింది 1993లో. పక్కింటమ్మాయి కోసం ఆమిర్ ఖాన్ వానలో తడిసి పెప్సీ తెస్తాడు. అంతలో మళ్లీ బెల్ మోగుతుంది, గుమ్మంలో సంజనగా ఐశ్వర్య. కనిపించేది కొన్ని సెకన్లే, కానీ ఆ ముఖం గుర్తుండిపోయింది.  

ఇక హిట్ల సంగతి. మొదటి సినిమా 'ఇరువర్' (తెలుగులో 'ఇద్దరు') వచ్చిందే 1997 జనవరిలో, అంటే కిరీటం వచ్చిన రెండేళ్లకు పైనే. ఇప్పుడు అందరూ మెచ్చుకుంటారు గానీ, అప్పట్లో అది ఆడలేదు. అదే ఏడాది వచ్చిన తొలి హిందీ సినిమా కూడా పోయింది. 1999లో 'హమ్ దిల్ దే చుకే సనమ్', 'తాళ్' వచ్చాకే హిందీలో నిలదొక్కుకుంది.

గొంతు మాట సగం నిజం. 'ఇరువర్'లో ఆమెకు డబ్బింగ్ చెప్పింది మన నటి రోహిణి. మంగళూరులో పుట్టి ముంబైలో పెరిగిన తుళు అమ్మాయికి తమిళం ఎలా వస్తుంది? ఆ లెక్కన మన హీరోయిన్లలో ఎంతమంది మిగులుతారో చూసుకోండి. నటన లేదనేవాళ్లు 'రెయిన్‌కోట్' (2004) చూడాలి. సగం సినిమా కలకత్తాలో ఒక చీకటి ఇంట్లోనే. కిటికీలు మూసేసి, పాత చీరలో కూర్చుని, తాను మహారాణిలా బతుకుతున్నానని పాత ప్రేమికుడికి అబద్ధాలు చెబుతుంటుంది. మేకప్ మెరుపులేవీ లేవు. ఆ అబద్ధాల వెనక ఉన్న లేమిని కళ్లతోనే చూపించింది.

పెళ్లి 2007లో. ఆ తర్వాతే 'జోధా అక్బర్', 'రోబో'. 2011లో పాప పుట్టాక నాలుగేళ్లు తెర మీదికి రాలేదు, అది నిజమే. కానీ 'ఇరువర్'లో డబుల్ రోల్ ఇచ్చిన మణిరత్నమే పాతికేళ్ల తర్వాత 'పొన్నియిన్ సెల్వన్'లో నందిని, మందాకిని పాత్రలు రెండూ మళ్లీ ఆమెకే ఇచ్చాడు.