గుండె కండరానికి క్రమశిక్షణ లేదు

ప్రాంతీయ ఆసుపత్రిలో గుండె వైద్యాన్ని అందుబాటులోకి తేవడానికి పెద్దలు పడుతున్న శ్రమను కొందరు బొత్తిగా గుర్తించడం లేదు. గుండె నాళాల్లోకి సన్నని గొట్టం పంపి మూసుకుపోయిన చోట తెరిచే క్యాథ్ ల్యాబ్ వచ్చింది. ల్యాబ్‌కు తలుపు వచ్చింది. తలుపు పక్కన శిలాఫలకం వచ్చింది. దాని మీద పేర్లన్నీ హోదాల వరుసలో, ఒక్క అక్షరదోషం లేకుండా చెక్కించారు. రాత్రిపూట యంత్రాన్ని నడిపే మనిషి ఒక్కడే రాలేదు. ఇన్ని వచ్చిన చోట రాని ఒక్కటి పట్టుకుని వేలాడటం కిట్టనివాళ్ల పని.

పక్షపాతం లేకుండా చూస్తే తప్పంతా గుండె కండరానిదే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే అరగంట తిరగకుండానే అక్కడి కణాలు చనిపోవడం మొదలవుతుంది. మామూలు అర్జీకే ముప్ఫై పనిదినాల గడువున్న లోకంలో, ముప్ఫై నిమిషాలు ఆగలేని కండరంతో ఏ కార్యాలయమైనా ఎలా వేగుతుంది? వైద్యశాస్త్రం దాన్ని మందలించాల్సింది పోయి వెనకేసుకొస్తోంది. రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చదవాలట. నాళం పూర్తిగా మూసుకుపోయిందని తేలితే, వచ్చిన 90 నిమిషాల్లోపు బెలూనుతో తెరవాలట. మరో ఆసుపత్రికి పంపి 120 నిమిషాల్లో ఆ పని చేయించలేమనుకుంటే, రక్తస్రావం ముప్పు లేనివారికి నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇచ్చి మరీ పంపాలట.

ఆ 10 నిమిషాల సంగతే చూద్దాం. పేరు, వయసు, చిరునామా, గుర్తింపు కార్డు; కార్డు ఇంట్లో ఉంటే ఇంటికి మనిషి. చీటీ చేతికొచ్చాక ఈసీజీ గది, ఆ గది తాళంచెవి ఉన్న ఉద్యోగి, ఆయన ఎక్కడున్నారో తెలిసిన మరో ఉద్యోగి. ఇంతా అయ్యాక గీతలు పడ్డ కాగితాన్ని ఫైలులో పెట్టి పెద్ద డాక్టరుగారికి పంపుతారు. 1905లోనే ఐంతోవెన్ అనే ఆయన నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, ఆసుపత్రిలో ఉన్న రోగి ఈసీజీని కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ మీద రప్పించుకున్నాడు. మనకు జేబులో ఇమిడే ఫోన్లున్నాయి కదా, ఫొటో తీసి పంపవచ్చు కదా అంటారు అమాయకులు. ఫొటో మీద ఇన్‌వర్డ్ నంబరు ఎక్కడ వేయాలి?

ఇక ఇంజెక్షన్. అది బీరువాలోనే ఉంది, గడువు కూడా దాటలేదు. 1988లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, 17 వేల మందికి పైగా రోగులను పరిశీలించి, ఆస్పిరిన్ మాత్ర, గడ్డ కరిగించే మందుల్లో ఒకటైన స్ట్రెప్టోకైనేజ్ కలిపి ఇస్తే అయిదు వారాల్లో మరణాలు నలభై శాతం దాకా తగ్గాయని తేల్చారు. కానీ మాత్రకు రిబ్బను కట్టలేం, ఇంజెక్షన్‌కు శిలాఫలకం వేయలేం. పైగా డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక రక్తస్రావమైతే సంజాయిషీ రాయాలి. ఇవ్వకుండా "రెఫర్డ్" అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. దారిలో పోయినవారు అంబులెన్సు లెక్కలోకి వెళతారు, చేరాక పోయినవారు పెద్దాసుపత్రి లెక్కలోకి వెళతారు. గుండెపోటు మరణాల్లో మన ఆసుపత్రి రికార్డు అంత తెల్లగా ఉండటానికి కారణం ఈ దూరదృష్టే.

రోగుల వైపు నుంచి సహకారం కూడా అంతంతమాత్రం. ఫారంలో "ఛాతీ నొప్పి" అని స్పష్టంగా గడి ఉంది. అయినా కొందరు, ముఖ్యంగా ఆడవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, ఆయాసమనీ, వికారమనీ, దవడ లాగుతోందనీ వస్తారు. గడిలో పట్టని గుండెపోటును గ్యాస్ మాత్ర ఇచ్చి పంపడం తప్ప ఏం చేయగలరు?

అసలు ఈ తొందరకు అలవాటు చేసింది కూడా ఒక చిన్న ఊరి ఆసుపత్రే. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు, పై అధికారి వద్దన్నా వినకుండా, తన చేతి రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని గుండె దిశగా తోసుకుని, దాంతోనే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. ఛార్జి మెమో ఇవ్వాల్సిన ఈ పనికి 1956లో నోబెల్ ఇచ్చారు. మన దగ్గర అటువంటి ప్రమాదం లేదు. ఆ వేళకు ఎక్స్‌రే గది మూసి ఉంటుంది.

అందుబాటు పెంచే కమిటీకి నా వంతుగా ఒక సూచన. 90 నిమిషాల లెక్క రోగి గుమ్మంలో అడుగుపెట్టిన క్షణం నుంచి మొదలుపెట్టడంలోనే చిక్కంతా ఉంది. ఆఖరి సంతకం పడిన క్షణం నుంచి లెక్కిస్తే మన ఆసుపత్రి రేపటికల్లా ప్రపంచ ప్రమాణాలను అందుకుంటుంది. కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు. అప్పటికి రోగి బతికి ఉండటం తప్పనిసరా, కాదా అన్నది ఆ సర్క్యులర్ రెండో పేరాలో తేల్చుకోవచ్చు.