పెరిగిన ఇంటి మీదుగా పుట్టిన ఇంటికి

మా అమ్మను నెలల పిల్లగా ఉన్నప్పుడే పెంపకానికి ఇచ్చారన్న సంగతి మా ఇంట్లో 63 ఏళ్ళపాటు ఎవరూ నోరెత్తి చెప్పలేదు. 2022లో అమ్మమ్మ పోయాక, విజయవాడ సత్యనారాయణపురంలోని ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, ఇనప్పెట్టె అడుగున పట్టుచీర మడతల్లో ఉన్న దత్తత దస్తావేజు అమ్మ చేతికే దొరికింది. అమెరికాలో ఉన్న నాకు ఫోను చేసి, "నేను అమ్మకు పుట్టలేదటే" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఆ కాగితం వెంటబెట్టుకుని 2024 ఫిబ్రవరిలో మేమిద్దరం ఒక ప్రయాణం చేశాము. అమెరికాలోని మన తెలుగువాళ్ళలో ఇలాంటి కాగితం పెట్టెలో దాచుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. వాళ్ళు పెద్దవాళ్ళు ఉండగానే ఆ పెట్టె తెరవాలని, తెరిచాక పిల్లలే పూనుకుని అమ్మనో నాన్ననో దగ్గరుండి తీసుకువెళ్ళాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ దస్తావేజు 1959 నాటిది. అప్పటికి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చి మూడేళ్ళే అయింది. అంతకు ముందు శాస్త్రప్రకారం దత్తత అంటే కొడుకునే; ఎక్కడైనా ఆచారం ఉంటే తప్ప ఆడపిల్లను దత్తత చేసుకుంటే చెల్లేది కాదు. రైల్వేలో గార్డుగా పనిచేసిన మా తాతయ్య, బిడ్డను తెచ్చి ఊరికే పెంచుకునే వీలున్నా, ఆ కొత్త చట్టం ఇచ్చిన హక్కును పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి, స్టాంపు కాగితం మీద ఆడపిల్లను తన కూతురిగా రాయించుకున్నాడు. ఇది తెలిశాకే అమ్మ కోపం తగ్గింది. ఆనాటి చట్టంలో తండ్రి బతికుండగా బిడ్డను దత్తత ఇచ్చే అధికారం తండ్రిదే, తల్లి సమ్మతి మాత్రం ఉండాలి. ఇద్దరికీ సమానమైన హక్కు 2010 సవరణ వచ్చేదాకా లేదు. అందుకే కాగితం చివర కన్నతండ్రి సంతకం, దాని కింద కన్నతల్లి వేలిముద్ర ఉన్నాయి. సిరా ఎక్కువై గీతలు కలిసిపోయిన ఆ ముద్ర మీద అమ్మ తన బొటనవేలు ఆనించి, చాలాసేపు అలాగే ఉంచడం నేను వీడియో కాల్‌లో చూశాను. "మాకు ఇదివరకే ముగ్గురు ఆడపిల్లలు ఉన్నందున" అన్న వాక్యాన్ని మాత్రం ఆమె పైకి చదవలేదు.

కన్నప్రేమ కంటే పెంచిన ప్రేమ గొప్పదని మనవాళ్ళు తరచుగా అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, మన ఇళ్ళలో దాన్ని ఎదుటివాళ్ళ నోరు మూయించడానికే ఎక్కువగా వాడతారు. పుట్టిన ఇంటి గురించి అడిగితే పెంచినవాళ్ళను చిన్నబుచ్చినట్టే అని ముందే తీర్మానించి, అడిగిన మనిషిని కృతఘ్నుల జాబితాలో వేస్తారు. చట్టం కూడా అంత కఠినంగా లేదు. దత్తతతో పుట్టిన ఇంటి బంధాలు తెగిపోతాయని చెప్పే 12వ సెక్షనే, పుట్టిన ఇంట్లో ఉండి ఉంటే ఎవరిని పెళ్ళాడకూడదో వాళ్ళను దత్తత తర్వాత కూడా పెళ్ళాడకూడదని చెబుతుంది. పుట్టిన ఇల్లు ఏదో తెలియని మనిషి ఆ నియమాన్ని ఎలా పాటించాలి? మేనరికాలు చేసుకునే మన ప్రాంతంలో, నాలుగు ఊళ్ళ మధ్యే సంబంధాలు కలుపుకునే రోజుల్లో, వరసలు తెలియకుండా ఒక ఆడపిల్లకు పెళ్ళి చేశారంటే అది దైవం మీద భారం వేసి చేసిన పెళ్ళే.

అయితే తెలుసుకునే హక్కు ఉంది కదా అని ఎవరి గుమ్మం ముందో హఠాత్తుగా కారు ఆపడాన్ని నేను సమర్థించను. అవతల కూడా ఒక కుటుంబం ఉంటుంది, వాళ్ళ పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. సంస్థల ద్వారా దత్తత వెళ్ళినవారు 18 ఏళ్ళు నిండితే తమ మూలాల అన్వేషణకు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చునని కేంద్ర దత్తత వనరుల సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. ఆ హక్కు కన్నవారి గోప్యతను భంగపరచకూడదని కూడా అవే చెబుతున్నాయి. ఆ రెండో మాటను మేము మా సొంత వ్యవహారానికీ వర్తింపజేసుకున్నాము. దస్తావేజులో ఉన్న దుగ్గిరాల చిరునామాకు అమ్మ తన చేత్తో ఉత్తరం రాసి, ఆస్తి మాట తనకు అక్కర్లేదని మొదటి వాక్యంలోనే చెప్పి, ఫోను నంబరు ఇచ్చి, ఇష్టం లేకపోతే బదులు ఇవ్వనక్కర్లేదని ముగించింది. పదకొండో రోజున ఫోను వచ్చింది. అమ్మ కన్నా రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు.

నేను నేరుగా దుగ్గిరాల వెళ్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "ముందు మా ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి బయలుదేరాలి" అంది. ఆ మాట విలువ నాకు తర్వాత అర్థమైంది. డ్రైవరు ఉంటే ఆమె నోరు విప్పదని చుట్టాల కారు తీసుకుని నేనే నడిపాను. సత్యనారాయణపురంలో ఆమె చిన్నప్పటి రైలు కట్ట ఇప్పుడు లేదు, పట్టాలు తీసేసి బస్సుల కోసం బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. రోడ్డు మధ్య నిలబడి, గేటు ఇక్కడ ఉండేది, నాన్న డ్యూటీ దిగి ఇటు నుంచి వచ్చేవాడు అని చేత్తో చూపించింది. చదివిన బడి, దీపావళికి మందులు ఆరబెట్టిన డాబా, అద్దెకున్న మొదటి వాటా, అన్నీ తిరిగాము. పెంచినవాళ్ళ కూతురిగా తనను తాను ఒకసారి నిలబెట్టుకుని, ఆ తర్వాతే ప్రకాశం బ్యారేజీ దాటింది. బ్యారేజీ మీద కారు నెమ్మదించినప్పుడు, "ఇది 57లో కట్టారు, నన్ను దీని మీదుగానే తెచ్చుంటారు" అంది. ఆ తర్వాత మంగళగిరి, పెదవడ్లపూడి, రేవేంద్రపాడు. గట్టిగా 30 కిలోమీటర్లు లేని దారి. ఆ దారిలో నాకు చెప్పిన సంగతులు నేను పుట్టిన దగ్గర నుంచి ఎన్నడూ వినలేదు.

దుగ్గిరాలలో పసుపు కళ్ళాల వాసన ఊరి పొలిమేరల్లోనే తగిలింది. మామయ్య గుమ్మంలో నిలబడి, "రండి అక్కయ్యగారూ, లోపలికి రండి" అన్నాడు. ఆ 'గారు'కు అమ్మ ముఖం వాడిపోయింది. అక్కలు ముగ్గురిలో ఇద్దరు లేరు, ఉన్న ఒక్కరికీ మనుషులు గుర్తుండడం లేదు. కాఫీలయ్యాక అతనే ఎత్తాడు: "నిన్ను ఇచ్చేశారు, నన్ను ఉంచుకున్నారు. మగపిల్లాణ్ణని." అమ్మ కాదనలేదు, సర్దిచెప్పలేదు. నాకు అది నచ్చింది. జరిగింది అన్యాయమే, దాన్ని ఆ ఇంటి అరుగు మీదే, ఆ ఇంటి మనిషే ఒప్పుకోవడం కన్నా ఆమెకు ఏ ఓదార్పూ అక్కర్లేదు.

ఏడు గంటలకు మామయ్య చొక్కా జేబులోంచి చిన్న సీసా తీసి, తల వెనక్కి వాల్చి, రెండు కళ్ళలో చెరొక చుక్క వేసుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలలను వేళ్ళతో నొక్కి పట్టాడు. అమ్మ తన చేతిసంచీ తెరిచి అలాంటి సీసానే తీసింది. ఇద్దరికీ నీటికాసులే (గ్లకోమా). ఏడేళ్ళ క్రితం అమ్మకు ఎడమ కంటి చూపు పక్కల నుంచి తగ్గుతున్నప్పుడు, మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని డాక్టరు అడిగితే లేదని చెప్పాము. అబద్ధమని తెలియక చెప్పాము. "నాన్నకు చివర్లో చూపే లేదక్కయ్యా" అన్నాడు మామయ్య. రక్తసంబంధీకుల్లో ఉంటే మిగిలినవారికీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉండే జబ్బు ఇది. ముందుగా కనిపెడితే చుక్కలతో చూపును నిలబెట్టుకోవచ్చు, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. అమ్మ ఎడమ కంట్లో పోయిన భాగానికి మా ఇంటి మౌనమే కారణమని నేను ఖచ్చితంగా అనలేను గానీ, ఆ ప్రశ్నకు నిజమైన జవాబు మా దగ్గర ఉండి ఉంటే ఆమెకు పరీక్షలు ఎప్పుడో చేయించి ఉండేవాళ్ళం. తిరిగి వెళ్ళిన వారంలోనే నేనూ, నా కొడుకూ కంటి ఒత్తిడి చూపించుకున్నాము.

మనం ఇండియా వెళ్ళే మూడు వారాల్లో పెళ్ళిళ్ళకు, గుళ్ళకు, బట్టల షాపులకు రోజులు లెక్కపెట్టి పంచుతాము. అందులో రెండు రోజులు తల్లిదండ్రులతో మాత్రమే, వాళ్ళు చెప్పిన దారిన వెళ్ళడానికి ఉంచండి. దత్తత ఉన్న ఇళ్ళకు ఇది మరీ అవసరం. పిల్లలను పెంచుకుంటున్న యువ దంపతులకైతే నా మనవి ఇంకా సూటిగా ఉంటుంది: బిడ్డకు మాటలు వస్తున్నప్పటి నుంచే చెప్పండి, 63 ఏళ్ళ వయసులో పెట్టె అడుగున దొరకనివ్వకండి.

ఆ రాత్రి భోజనాల దగ్గర "అక్కయ్యా, ఇంకొంచెం వేసుకో" అన్నాడు మామయ్య. 'గారు' ఎప్పుడు జారిపోయిందో మేము గమనించలేదు. బయలుదేరుతుంటే కారు దాకా వచ్చి, నువ్వు పెరిగిన ఇల్లు నేను చూడాలి, ఎప్పుడు తీసుకువెళ్తావని అమ్మను అడిగాడు. ఈ డిసెంబరులో కారు నడిపేది మళ్ళీ నేనే.