రంగు పడని సైన్యానికి సేనాధిపతి జవాబు

మంచం కింద చెప్పుల అట్టపెట్టెల్లో విడిది చేసివున్న నా బొమ్మ సిపాయిలకు, బంట్లకు, ఫిరంగివాళ్ళకు,

మీ అర్జీ అందింది. అందలేదని బుకాయించడానికి లేదు. మొన్న రాత్రి కరెంటు పోతే టార్చిలైటు కోసం మంచం కింద చెయ్యి పెట్టాను. మీలో ఎవడో బాయినెట్టు పెట్టి గుచ్చాడు. ఆరేళ్ళ సర్వీసులో మీరు చేసిన మొదటి యుద్ధం అదే, గెలుపు కూడా మీదే. చూపుడువేలికి ప్లాస్టరు వేసుకుని ఈ జవాబు రాస్తున్నాను.

విషయం: రంగులు వేయించవలసిందిగా 211 మంది పెట్టుకున్న విన్నపం.

మీ విన్నపం పరిశీలనలో ఉంది. పరిశీలనలో ఉండటమంటే ఏమిటో ఆఫీసులో నా బల్ల మీద ఉన్న ఫైళ్ళను అడగండి, మీకన్నా సీనియర్లు.

అసలు తప్పు లెక్క దగ్గర జరిగింది. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి వచ్చిన సైన్యం ఎంతో రాబర్ట్ ఆర్మ్ తన చరిత్రలో రాశాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ తెల్లదళం 750 మంది, అందులో 250 మంది గుర్రాల మీద. వాళ్ళతో మన విజయనగరం విజయరామరాజుగారు. నాలుగు ఫిరంగులు. సిపాయిలు, బంట్లు కలిపి 11 వేలు. ఆ యుద్ధాన్ని బల్ల మీద పాచికలతో ఆడడానికి ఒక్కో బొమ్మ యాభై మందికి సమానం అనుకుంటే 235 బొమ్మలు. కాగితం మీద 235 ఎంత చిన్న అంకె! మా ఇంట్లో బారసాలకే అంతకంటే ఎక్కువ మంది వచ్చారు. ఆ రాత్రే విదేశానికి ఆర్డరు పెట్టేశాను. బారసాలకు వచ్చినవాళ్ళ బొత్తాలకు, తలపాగాలకు, బెల్టు కట్లకు మనం రంగు వెయ్యక్కర్లేదన్న సంగతి పార్సిలు విప్పాక తట్టింది.

మీ ఎత్తు 28 మిల్లీమీటర్లు. అది కూడా పాదం నుంచి కంటి దాకా కొలిస్తే. అంత ప్రాణికి ఎన్ని సేవలో చూడండి. అచ్చులోంచి వచ్చిన అంచు గీతను ఆకురాయితో తీయాలి. సబ్బునీళ్ళతో తోమాలి. ఊడిన చెయ్యి అతికించాలి. రంగు పట్టేందుకు ముందు పూతగా ప్రైమరు కొట్టాలి. ఒంటిరంగు, గుడ్డరంగు, తోలురంగు వేయాలి. పల్చటి గోధుమరంగు నీళ్ళు పోస్తే మడతల్లో దిగి నీడలా నిలుస్తుంది. అది ఆరాక, బ్రష్షుకు ఉన్న రంగంతా గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడి బ్రష్షుతో పైపైన రాస్తే ఎత్తుగా ఉన్నచోట్ల మాత్రం వెలుగు పడుతుంది. ఆఖరున వార్నిషు. మా పెళ్ళికి నాకు పెట్టిన నలుగు కూడా ఇంత శ్రద్ధగా పెట్టలేదు. తలకు నలభై నిమిషాలు వేసుకున్నా మీ 211 మందికి 140 గంటల పైమాట. ఇంకెవరో బొమ్మలకు రంగు వేస్తుంటే నేను ఫోనులో చూస్తూ కూర్చున్న గంటలు అంతకు రెట్టింపు ఉంటాయి. శిక్షణ లేకుండా యుద్ధానికి దిగకూడదు కదా.

ప్రైమరు సంగతి మీకు తెలియంది కాదు. తేమ లేని రోజు కొట్టాలని డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ డబ్బా తయారుచేసినవాడు విజయనగరంలో కాపురం పెట్టలేదు. ఇక్కడ జూన్ నుంచి వానలు. అవి తగ్గాయనుకునేసరికి తుఫాను హెచ్చరికలు. వేసవిలో వాన ఉండదు కానీ ఒంటికి చొక్కా అంటుకుపోయే ఉక్క. ఒక ఆగస్టులో, ఆకాశం కాస్త తేటగా ఉందని, మీలో ఇరవై మందిని డాబా మీదికి తీసుకెళ్ళి స్ప్రే కొట్టాను. గాలిలో తేమ తగిలి రంగు పొడిపొడిగా రాలింది. ఇరవై మందీ ఒళ్ళంతా ఉప్మారవ్వ చల్లుకున్నట్టు తేలారు. వాళ్ళను స్పిరిటులో నానబెట్టి టూత్‌బ్రష్షుతో తోమాను. (టూత్‌బ్రష్షు ఎవరిది అన్న ప్రశ్న మా ఇంట్లో ఇంకా తేలలేదు.)

మరుసటి ఏడు బుద్ధి తెచ్చుకుని ఫిబ్రవరి ఎండలో కొట్టాను. బ్రహ్మాండంగా పట్టింది. మీకే కాదు, పక్కన పాత చీర మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలకు కూడా. బూడిద గుమ్మడికాయకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఆ రోజు అర్థమైందని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు అంటుంది.

కళ్ళ విషయంలో మాత్రం తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. తెలిసినవాళ్ళంతా కళ్ళు ముందు వేసి, చుట్టూ మొహం రంగుతో దిద్దుకోమంటారు. మన విగ్రహాలకు కళ్ళు ఆఖరున తెరిపిస్తారు, అదే శాస్త్రం అని నేను మొండికేశాను. దాని ఫలితం మొదటి వరుసలో నిలబడిన తొమ్మిది మంది బంట్లు. కరెంటు బిల్లు చేతికి వచ్చిన క్షణంలో ఫొటో తీసినట్టున్నారు. అందులో ఇద్దరు రెండు ఫిరంగులనూ ఒకేసారి చూడగలరు.

ఇక రంగు ఏదైతే ఏముంది, బూడిద రంగు ప్రైమరుతోనే ఆడించెయ్యండి అని మీలో కొందరు గొణుగుతున్నారట. దీనికి ప్రష్యా ఉదాహరణ కూడా చూపిస్తున్నారట. నిజమే, 1824లో లెఫ్టినెంట్ రైస్విట్జ్ ప్రష్యా సైన్యానికి చూపించిన యుద్ధక్రీడలో దళాలంటే మ్యాపు మీద జరిపే చిన్న దిమ్మలు. ఒక పక్షం ఎరుపు, ఒక పక్షం నీలం, అంతే. కళ్ళు లేవు, బొత్తాలు లేవు, గుమ్మడి వడియాలు లేవు. కానీ అయ్యా, ఆ ప్రష్యావాళ్ళు చందుర్తి చూడలేదు.

మీరు కూడా చూడలేదు కాబట్టి చెబుతాను. బొబ్బిలి అయిన మరుసటి ఏడు, 1758. బుస్సీ వెళ్ళిపోయాడు. మన ఆనంద గజపతి రాజుగారు ఫ్రెంచివాళ్ళ మీదికి ఇంగ్లీషువాళ్ళను పిలిచారు. క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డును పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. ఫోర్డుతో వచ్చిన బెంగాల్ సిపాయిలకు ఎర్రకోట్లు. ఇక్కడి ఫ్రెంచివాళ్ళు అప్పటిదాకా చూసిన సిపాయిలు తెల్లబట్టల్లో ఉండేవాళ్ళు. ఇంగ్లీషు తెల్లదళం ఏమో నిలువెత్తు మొక్కజొన్న చేను చాటున పడిపోయింది. ఎర్రకోట్లు కనబడగానే ఇదే తెల్లదళం అనుకుని ఫ్రెంచివాళ్ళు వాటి మీద విరుచుకుపడ్డారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. తరుముకుంటూ వరుసలు చెదిరినవాళ్ళ పక్కకు చేనులోంచి అసలు దళం వచ్చి నిలబడింది. దాంతో ఆట అయిపోయింది.

కోటు రంగు చూసి పొరబడినందుకు ఒక సైన్యం ఓడిన జిల్లాలు ఇవి. ఇక్కడుండి నన్ను బూడిద రంగుతో కానిచ్చెయ్యమంటారా? ఎరుపులో ఏ ఎరుపో తేల్చుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టిందంటే అది బద్ధకం కాదు, బాధ్యత. గంటస్తంభం దగ్గర స్టేషనరీ షాపులో ఎరుపులు మూడే ఉన్నాయి. మూడూ కొన్నాను. మీకు ఎరుపు అక్కర్లేదని, మీది చందుర్తి కాదు బొబ్బిలి అని ఆ తరువాత గుర్తొచ్చింది. అందుకని చందుర్తి సైన్యం కూడా ఆర్డరు పెట్టాను. కుట్టుమిషను కింద ఉన్న పెట్టె అదే. మీరు వాళ్ళతో మాట్లాడకండి, వాళ్ళు ఇంకా ఆశావాదులు.

సంక్రాంతి అవమానం గురించి కూడా రాశారు. మా అమ్మ బొమ్మల కొలువులో నాలుగో మెట్టు బోసిపోయిందని మీలో రంగు పడ్డ బుస్సీ దళం పదిహేను మందినీ తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టింది. ఒక పక్క చెట్టిగారి దంపతులు, ఇంకోపక్క ఏటికొప్పాక లక్కపిడతలు, వెనక మెట్టు మీద వెంకటేశ్వరస్వామి. పేరంటానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు వంగి చూసి, "ఏటమ్మా, ఈ పోలీసోలు ఎవులు?" అంది. "బందోబస్తు" అంది మా అమ్మ. బుస్సీ నుదుటన కుంకుమ బొట్టు ఇంకా పోలేదు. నేను తుడవలేదు కూడా. ఆ మూడు రోజులూ ఆయన మొహం బల్ల మీద ఉన్నప్పటికంటే ప్రశాంతంగా ఉంది.

ఇప్పుడు మీ అసలు ఫిర్యాదుకు వస్తాను. బొబ్బిలి పక్షం అరవై మందికీ రెండే నెలల్లో రంగు, గడ్డి, వార్నిషు అన్నీ పూర్తిచేసి, మిమ్మల్ని మాత్రం ఆరేళ్ళుగా పెట్టెలో ఉంచానని, ఇది పక్షపాతమని అన్నారు. పుట్టి పెరిగింది విజయనగరం, ఉప్పు తింటున్నది విజయనగరం, సేవ మాత్రం బొబ్బిలికా అని నిలదీశారు.

అయ్యా, మా ఆవిడది బొబ్బిలి.

పార్సిలు వచ్చిన రోజు ఆవిడ రెండు కుప్పల్నీ చూసి ఒకే ఒక్క మాట అడిగింది: "మా వాళ్ళు ఏరీ?" చూపించాను. "ముందు వీళ్ళకి వెయ్యండి" అంది. వేశాను. ఆ అరవై మందికి కింద వేసిన మట్టి వేగావతి ఇసుక, టీ వడగట్టే జాలీతో జల్లించింది. (జాలీ ఎవరిది అన్న ప్రశ్న తేలింది. కొత్తది కొన్నాను.) నాణెం అంత అట్టముక్కకు ఫెవికాల్ రాసి, ఇసుకలో అద్ది, ఆరాక ముదురు గోధుమరంగు పూసి, గరుకు మీద లేత రంగు పొడిగా రాస్తే బొబ్బిలి నేల దిగిపోతుంది. గడ్డికి మా మావయ్యగారు గొల్లపల్లి నుంచి వీణలు చెక్కేచోట రాలిన పనసపొట్టు సంచి నిండా తెచ్చారు. ఆకుపచ్చ రంగునీళ్ళలో నానబెట్టి ఆరబెడితే అచ్చం పచ్చికే. మీకు ఆ పొట్టు మిగల్లేదా అంటే, మిగిలింది. సంచిలో సగం ఉంది.

తాండ్ర పాపారాయుడి బొమ్మ నేను చూసిన ఏ క్యాటలాగులోనూ లేదు. మరాఠా సర్దారు మొండేనికి వేరే తల అతికించి, ఎం-సీల్‌తో మీసం పెట్టాను. మావయ్యగారు కళ్ళద్దాలు సవరించుకుని చూసి మీసం చాలదన్నారు. మళ్ళీ పెట్టాను. చాలదన్నారు. ఇప్పుడు ఆ మీసం బరువుకు బొమ్మ ముందుకు పడిపోతుంటే అడుగున రూపాయి బిళ్ళ అతికించాను. తీరా చూస్తే యుద్ధం రోజు పాపారాయుడు రాజాంలో ఉన్నాడని మనవైపు కథ. నా దగ్గరున్న అన్ని బొమ్మల్లోకి బాగా రంగు పడ్డది, ఆట జరిగినంతసేపూ బల్ల చివర పళ్ళెంలో నిలబడి ఉండాలి. కోట పడ్డాక, రాత్రిపూట, మీ రాజుగారి డేరా దగ్గర మాత్రమే ఆయనకు పని.

కోట గోడలు థర్మోకోల్‌తో కట్టాను. లోపల ఏమీ పెట్టలేదు, ఖాళీ అట్ట. ఆ రోజు లోపలి ఆడవాళ్ళకు, పిల్లలకు ఏమైందో మా ఆవిడ ఎప్పుడూ పూర్తిగా చెప్పదు, మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. దానికి బొమ్మలు ఎవరైనా పోసినా నేను కొనను. పాచికలు వేసి తేల్చే సంగతి కాదది.

మావయ్యగారు ఏటా జనవరి 24కి ముందో వెనకో వస్తారు. వచ్చేముందు బొబ్బిలిలో యుద్ధస్తంభం దగ్గర ఒకసారి ఆగి వస్తారు. 1891లో కట్టించిన స్తంభం అది. ఇంట్లో అడుగుపెట్టి కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, నేరుగా బొమ్మల బల్ల దగ్గరికి వెళ్తారు. ఒక పక్కన కోట, అరవై మంది. ఎదురుగా పదిహేను మంది బుస్సీలు, కళ్ళు తిరిగిన తొమ్మిది మంది బంట్లు. ఆట మొదలుపెట్టడానికి మీరు లేరు. మీరు వస్తే కోట పడుతుంది. నా రూల్సు ప్రకారం పాచికలు ఎలా పడినా సాయంత్రానికి పడుతుంది, అయిదుసార్లు లెక్క కట్టాను.

మొన్న వచ్చినప్పుడు ఆయన మీ పెట్టె అడిగారు. తెచ్చి ఇచ్చాను. అందులోంచి ఏనుగు మీది విజయరామరాజుగారి బొమ్మను తీసి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఒట్టి లోహం, ప్రైమరు కూడా పడలేదు.

"ఏటండీ అల్లుడుగారూ, ఈయనగారికి ఇంకో ఏడాది పడతాదేటి?" అన్నారు.

"పడుతుందండీ" అన్నాను. "గాలిలో తేమ ఎక్కువగా ఉంది."

"నిదానంగా కానియ్యండి" అని, ఆయనే స్వయంగా రాజుగారిని దూదిలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టారు.

కాబట్టి మీ విన్నపం పరిశీలనలోనే ఉంటుంది.

ఇట్లు,
మీ సేనాధిపతి,
విజయనగరం

తా.క.: బాయినెట్టు పెట్టి గుచ్చినవాడి వివరం తెలియజేయగలరు. వాడికి మాత్రం రేపే రంగు వేస్తాను.