మోకాళ్ల కిందికి ధర్మం

ఫిల్మ్ నువార్ సినిమాల్లో, అంటే చీకటి నీడల మధ్య నడిచే హాలీవుడ్ నేర కథల్లో, మంచేదో చెడేదో తెలిసి చావదని మేధావులు తెగ బాధపడుతుంటారు. శుద్ధ అపవాదు. 1934 నుంచి హాలీవుడ్‌లో ధర్మానికి ఒక సెన్సారు ఆఫీసుండేది, దానికి జోసెఫ్ బ్రీన్ అనే పెద్దమనిషి ఉండేవాడు, ఆయన దగ్గర కొలతలుండేవి.

'డబుల్ ఇండెమ్నిటీ' (1944) సంగతే చూడండి. పెళ్లాం, ఇన్సూరెన్స్ ఏజెంటు కలిసి మొగుణ్ణి చంపే కథ. 1935లో ఇది తెరకు పనికిరాదని బ్రీన్ తేల్చేశాడు. ఎనిమిదేళ్ల తర్వాత దర్శకుడు బిల్లీ వైల్డర్ స్క్రిప్టు పంపితే అభ్యంతరాలు కొన్నే మిగిలాయి. శవాన్ని వదిలించుకోవడం మరీ వివరంగా చూపొద్దు. కథానాయిక చుట్టుకున్న తువ్వాలు మోకాళ్ల కిందికి రావాలి. మొగుడి ప్రాణం సంగతి తర్వాత, ముందు మోకాళ్లు.

వివరాలు చూపొద్దన్నది జనం నేర్చుకుంటారని. నేర్చుకోవాల్సింది నిజంగానే ఉంది. కారు పాలసీ రెన్యువల్ అని చెప్పి ప్రమాద బీమా కాగితం మీద మొగుడి సంతకం లాగారు. 50,000 డాలర్లు, రైలు ప్రమాదమైతే రెట్టింపు. కాలు విరిగి కట్టుతో ఉన్నవాణ్ణి కార్లో చంపి, ఏజెంటు నెఫ్ అతని వేషంలో చంకకర్రలేసుకుని రైలెక్కాడు. చివరి పెట్టె వెనకాల అడ్డుగా కూర్చున్న ప్రయాణికుణ్ణి చుట్టల కోసం లోపలికి పంపి దూకేశాడు. శవాన్ని పట్టాల మీద పెట్టారు. అంతా సవ్యంగానే ఉంది. దెబ్బతిన్నది ఒక్కచోట: కాలు విరిగిన మనిషి, ప్రమాద బీమా ఉండి కూడా, క్లెయిమ్ పెట్టలేదు. అంత సంస్కారవంతుడైన పాలసీదారు భూమ్మీద పుట్టడు. అంటే పాలసీ ఉన్నట్టు పాపం ఆయనకే తెలియదన్నమాట!

పసిగట్టింది క్లెయిమ్స్ మేనేజరు కీస్. సినిమా మొత్తానికి నిఖార్సైన మనిషి ఇతనొక్కడే, ఇతని ఉద్యోగం డబ్బు చెల్లించాల్సిన అవసరం లేకుండా చూడటం. (ఆస్పత్రి బిల్లు క్లెయిమ్ పెట్టి తిరిగినవాళ్లు ఇక్కడ కాసేపు ఆగొచ్చు.) నెఫ్‌ని నమ్మి, తన అసిస్టెంటుగా రమ్మన్నదీ ఇతనే. జీతం మాత్రం 50 డాలర్లు తగ్గుతుంది. ధర్మం వైపు ఎప్పుడూ కోతే.

కెమెరామన్ జాన్ సైట్జ్ గాల్లో అల్యూమినియం రేణువులు ఊది, కిటికీ బ్లైండ్స్ సందుల్లోంచి వెలుగు చారలు పంపాడు. అవి నెఫ్ చొక్కా మీదా పడతాయి, గోడ మీదా పడతాయి. జైలు ఊచల్లా ఉంటాయి. ఆఫీసు కొలతల్లో చారల ఊసు లేదు.

నేరానికి శిక్ష తప్పదన్నది ఆఫీసే. నెఫ్‌కి గ్యాస్ చాంబర్లో మరణశిక్ష అమలయ్యే సీను రాస్తే మరీ ఘోరంగా ఉందన్నదీ ఆఫీసే. పాపం పండాలి గానీ పండు కోసి చూపకూడదు. వైల్డర్ సెట్టు కట్టించి, తీసి, చివరికి తనే కత్తిరించేశాడు.

మంచికీ చెడుకీ అసలు సరిహద్దు నెఫ్ ఫ్లాటు తలుపు. మామూలుగా ఇంటి తలుపు లోపలికి తెరుచుకుంటుంది, ఇది కారిడార్లోకి తెరుచుకుంటుంది. వడ్రంగి తప్పు కాదు, కథకు అవసరం. కీస్ లిఫ్టు వైపు నడుస్తున్నాడు. తలుపు చాటున కథానాయిక. మధ్యలో నెఫ్. కీస్ వెనక్కి తిరిగొచ్చి చుట్టకు నిప్పడిగాడు, ఈయన జేబులో అగ్గిపుల్ల ఏనాడూ ఉండదు. నెఫ్ బొటనవేలి గోటితో గీసి వెలిగించాడు.

ఈ సీన్లో తువ్వాలు లేదు.