చి.ల.సౌ. అల్లం పిప్పరమెంటు బిళ్ళకి ఆశీర్వదించి వ్రాయునది

చి.ల.సౌ. అల్లం పిప్పరమెంటు బిళ్ళకి ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వు కూడా రేపర్ చెదరకుండా క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నేను జార్జియాలోనే ఉంటానమ్మా, అట్లాంటాకి ఉత్తరాన ఫోర్‌సైత్ కౌంటీ వైపు, అంటే శనివారం పొద్దున ఇండియన్ స్టోర్లో కార్ట్ దొరకడమే గగనమైపోయే ఏరియా. నిన్ను ముఖాముఖీ చూసే భాగ్యం కలగలేదు గానీ నీ వీడియో మాత్రం కంఠతా వచ్చేసింది, మా వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు ఇప్పటికీ ఫార్వర్డ్ చేస్తూనే ఉన్నాడు, పైన ఎర్ర రౌండ్ గీసి మరీ.

తెలీనివాళ్ళ కోసం ముందు నీ పరిచయం. 2020 నవంబరు 3, ప్రెసిడెంట్ ఎన్నిక రాత్రి. అట్లాంటాలో స్టేట్ ఫార్మ్ అరీనా అని బాస్కెట్‌బాల్ ఆడే పేద్ద స్టేడియం ఉంది, అందులో ఫుల్టన్ కౌంటీ వాళ్ళు పోస్టల్ ఓట్లు స్కాన్ చేస్తున్నారు. అక్కడ పని చేస్తున్న ఒక తల్లి పక్కనే ఉన్న తన కూతురికి నిన్ను అందించింది. కూతురికి కౌంటీలో ఏళ్ళ తరబడి ఎలక్షన్ ఉద్యోగం, తల్లి ఆ సీజన్‌కి టెంపరరీగా చేరింది. గొంతు ఆరిపోయిందో, నిద్ర ముంచుకొచ్చిందో, అమ్మ కదా, చేతిలో పెట్టింది. అయిపోయింది, అంతే నీ జీవితచరిత్ర, ఇంకో రెండు నిమిషాల్లో కరిగిపోవాల్సినదానివి.

కానీ పైన కెమెరా ఉంది. డిసెంబరు 10న న్యూయార్క్ మాజీ మేయర్, ట్రంప్ గారి లాయరు రూడీ జూలియానీ జార్జియా చట్టసభ కమిటీ ముందుకొచ్చి, ఇక్కడ ట్రంప్ గారిని మోసం చేసి ఓడించారంటూ, ఇదిగో వీళ్ళిద్దరూ యూఎస్‌బీ పోర్టులు చేతులు మార్చుకుంటున్నారు, హెరాయిన్ కొకైన్ సీసాలు మార్చుకున్నట్టు గుట్టుగా మార్చుకుంటున్నారు అన్నాడు. (పోర్టు అంటే లాప్‌టాప్‌కి ఉండే కన్నం సార్, కన్నాన్ని తీసి చేతికెలా ఇస్తారు అని ఇక్కడున్న వేల మంది తెలుగు సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఒక్కడైనా అడుగుతాడేమో అని చూశా, మా గ్రూపులో ఎవ్వడూ అడగలేదు, ముగ్గురు మాత్రం "షాకింగ్" అని పెట్టారు.)

అప్పట్నించీ నీ దశ తిరిగిందమ్మా. నువ్వొక్కదానివే అనుకోకు, ఆ రోజు ఆ అరీనాలో ఉన్న ప్రతి వస్తువుకీ పదోన్నతి వచ్చింది. తెల్లారుజామున ఒక యూరినల్ పొంగి నీళ్ళు కారాయి, అది కాస్తా పెద్ద పైపు పగిలిపోవడం అయ్యి, జనాన్ని బయటికి పంపడానికి పన్నిన పన్నాగం అయ్యి కూర్చుంది. ఎప్పుడూ ఓట్లు పెట్టుకునే మామూలు డబ్బాలు, ఇంటికెళ్ళిపోదామని టేబుళ్ళ కింద సర్ది పెట్టినవి, ఇంకా కౌంటింగ్ ఆపొద్దని పైనుంచి కబురొస్తే మళ్ళీ బయటికి తీసినవి, అవి దొంగ ఓట్ల "సూట్‌కేసులు" అయిపోయాయి. రాష్ట్ర ఇన్వెస్టిగేటర్లు కూర్చుని గంటల తరబడి ఫుల్ ఫుటేజ్ చూసి, ఏమీ లేదు నాయనా మామూలు పనే అన్నారు. కానీ గంటల ఫుటేజ్ ఎవడు చూస్తాడు, ముప్పై సెకన్ల క్లిప్ ఉండగా.

పోనీ లెక్కలో తేడా ఉందా అంటే, జార్జియాలో ఆ ఓట్లని ఒకసారి కాదు మూడుసార్లు లెక్కపెట్టారు. మొదట మెషీన్. తర్వాత దాదాపు 50 లక్షల కాగితాలని మనుషులు చేత్తో పట్టుకుని ఒక్కొక్కటీ చూసి లెక్కపెట్టారు. తర్వాత ట్రంప్ టీమే అడిగితే మళ్ళీ మెషీన్. మూడుసార్లూ బైడెనే. చివరికి తేలిన తేడా 11,779. ఒకే కట్టని స్కానర్లో మళ్ళీ మళ్ళీ తోసి ఓట్లు పెంచారు అన్నది ఇంకో ఆరోపణ, అలా తోస్తే మెషీన్ లెక్క పెరుగుతుంది గానీ కాగితాలు పిల్లలు పెట్టవు కదా, చేత్తో లెక్కపెట్టినప్పుడు అక్కడే దొరికిపోవాలి. దొరకలేదు. ఇదే మాట మా గ్రూపులో బాబాయికి చెప్తే ఆయన నవ్వి, "అదే ఓట్లని ఎన్నిసార్లు లెక్కపెట్టినా అదే వస్తుందిరా పిచ్చోడా" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నట్టు అనిపించింది, తిడుతున్నట్టూ అనిపించింది.

2021 జనవరి 2న ట్రంప్ గారు జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్, అంటే ఇక్కడ ఎన్నికల బాధ్యత చూసే అధికారి, బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌కి ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతికి పెట్టమన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఓడింది 11,779తో, అడిగింది 11,780, ఆ ఒక్కటీ కొసరు. ఆ ఫోన్లోనే పాపం నిన్ను ఇచ్చిన ఆ తల్లి పేరు పెట్టి పదే పదే తిట్టాడు, పద్దెనిమిది సార్లని తర్వాత లెక్క తేల్చారు. దేశాధ్యక్షుడు, న్యూక్లియర్ బటన్ దగ్గర ఉండే మనిషి, ఒక టెంపరరీ కౌంటింగ్ ఉద్యోగి పేరు గుర్తు పెట్టుకుని మరీ తిట్టడం అంటే ఆమెకి ఎంత హోదా ఇచ్చినట్టో ఆలోచించు.

ఇక్కడ నేను వెటకారం కాసేపు పక్కన పెడతా తల్లీ, ఎందుకంటే ఆ ఇంట్లో జరిగింది నవ్వే సంగతి కాదు. 2022 జూన్‌లో ఆ తల్లీకూతుళ్ళు అమెరికా పార్లమెంటు (ఇక్కడ కాంగ్రెస్ అంటారు) కమిటీ ముందు చెప్పింది నేను లైవ్‌లో చూశా. ఆ తల్లికి తన పేరంటే ఎంత ముచ్చటో, పేరు రాయించుకున్న టీషర్టులు అన్ని రంగుల్లో ఉండేవట, ఎలక్షన్ రోజు కూడా వేసుకుందట, ఆ తర్వాత ఇంకెప్పుడూ వేసుకోలేదట, ఎవరికైనా తన పేరు చెప్పుకోడానికే భయం. కాంగ్రెస్ ఫలితాలు ఖరారు చేసే 2021 జనవరి 6 దగ్గర పడుతుంటే ఇంట్లో ఉండొద్దని ఎఫ్‌బీఐ చెప్పింది, రెండు నెలల పాటు సొంతింటికి దూరంగా. కూతురికి అమ్మతో కలిసి సరుకులకి వెళ్ళాలన్నా భయం, అక్కడ అరల మధ్య నుంచి అమ్మ తన పేరు గట్టిగా పిలుస్తుందేమోనని. అమ్మమ్మ ఇంటికి జనం వచ్చి, మేమే అరెస్టు చేస్తామంటూ లోపలికి తోసుకురాబోయారు. వాళ్ళు నల్లజాతి వాళ్ళు, అది కూడా చెప్పాలి, ఇది 2020 కాబట్టి బతికిపోయావు 1920 కాదు అని మెసేజ్ వచ్చిందంటే, ఆ కాలంలో నల్లవాళ్ళని మూకలు చెట్లకి ఉరి తీసేవి కాబట్టి, దాని అర్థం జార్జియాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పుడు కమిటీలో ఒకాయన అడిగాడు, ఇంతకీ ఆ వీడియోలో మీ అమ్మ మీకు ఇచ్చిందేమిటి అని. అల్లం మింట్ అంది. హాల్లో ఎవరూ నవ్వలేదు.

సరే మళ్ళీ నీ దగ్గరికి వస్తా. నన్ను తొలిచేసే ప్రశ్న ఏంటంటే, నిన్ను యూఎస్‌బీ అన్నవాళ్ళు నిజంగా అలా నమ్మారా? 2023 ఏప్రిల్‌లో ఫాక్స్ న్యూస్ చానెల్ వాళ్ళు, ఓట్లు మార్చేసిందన్న ఆరోపణలు ప్రసారం చేసినందుకు, ఓటింగ్ మెషీన్ల కంపెనీ డొమినియన్‌కి 78.75 కోట్ల డాలర్లు కట్టి కేసు సెటిల్ చేసుకున్నారు చూడు, ఆ కేసులో బయటపడ్డ లోపలి మెసేజ్‌లలో వాళ్ళ యాంకర్లే ఆ ఆరోపణలని వెక్కిరించుకున్నారు. జూలియానీ గారైతే 2023 జులైలో, ఆ తల్లీకూతుళ్ళ మీద తాను అన్నవి అబద్ధాలే అని, ఆ కేసు వరకు, కోర్టుకి రాసిచ్చాడు. అంటే చెప్పినవాళ్ళకి నమ్మకం లేదు, విన్నవాళ్ళకి అనుమానం లేదు. మధ్యలో నువ్వు.

నాకర్థమైనంతలో ఇది నమ్మకం సమస్యే కాదమ్మా, హాజరు పట్టీ. నువ్వు మింట్‌వా యూఎస్‌బీవా అని ఎవరికీ నిజంగా పట్టలేదు, నిన్ను యూఎస్‌బీ అని పైకి అనగలవా లేదా అన్నదే పరీక్ష. పిప్పరమెంటుని పిప్పరమెంటు అనడానికి విధేయత అక్కర్లేదు, ఎవడైనా అంటాడు. దాన్ని కుట్ర అనాలంటేనే గుండె కావాలి, అందుకే దాని మీదే మార్కులు. రాఫెన్స్‌పర్గర్ రిపబ్లికనే, ట్రంప్‌కే ఓటేసినవాడు, లెక్క లెక్కే అన్నందుకు ద్రోహి అయ్యాడు. అప్పటి అటార్నీ జనరల్ బిల్ బార్, ట్రంప్ పెట్టుకున్న మనిషే, ఫలితం మార్చేంత మోసం కనపడలేదు అన్నాడు, ఆయన పని కూడా అయిపోయింది. లిజ్ చెనీ, మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చెనీ కూతురు, ఏ కుటుంబం, ట్రంప్ చెప్పేది అబద్ధం అన్నందుకు 2022 ప్రైమరీలో, అంటే పార్టీ టికెట్ ఎవరికో తేల్చే ఓటింగ్‌లో, సొంత పార్టీ వాళ్ళే ఇంటికి పంపించారు. అటువైపు జనవరి 6న క్యాపిటల్‌లో ట్రంప్ అభిమానులు చొరబడి ఆ పార్లమెంటు భవనం అద్దాలు పగలగొట్టాక, అప్పటి ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్‌ని ఉరి తీయండని కేకలు విన్న తర్వాత కూడా, అదే రాత్రి తిరిగొచ్చి ఫలితాల మీద అభ్యంతరానికి ఓటేసిన రిపబ్లికన్ సభ్యులు 147 మంది. అద్దం పెంకులు ఊడ్చకముందే హాజరు వేయించుకున్నారు.

మన అల్లుడి సంగతి కూడా చెప్పాలి, తెలుగువాళ్ళకి రాసే ఉత్తరంలో ఆయన లేకపోతే బాగోదు. జె.డి. వాన్స్, 2024లో ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డాయన, ఉషా చిలుకూరి గారి భర్త, వాళ్ళ పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు, అక్కడ ఈయన గెలవాలని పూజలు కూడా చేశారు. 2024 అక్టోబర్ 1 డిబేట్‌లో డెమోక్రాట్ల ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్ సూటిగా అడిగాడు, 2020లో ట్రంప్ ఓడాడా లేదా అని. నా దృష్టంతా భవిష్యత్తు మీదే ఉంది అన్నాడు అల్లుడు గారు. అవునంటే ఉద్యోగం పోతుంది, కాదంటే పరువు పోతుంది, భవిష్యత్తు అంటే రెండూ ఉంటాయి. గోదావరి జిల్లా అల్లుడంటే ఆ మాత్రం ఉండాలి.

అరిజోనాలో ఉన్న నీ దూరపు చుట్టం గురించి విన్నావా? 2021లో అక్కడ మారికోపా కౌంటీ బ్యాలెట్లన్నీ ఫీనిక్స్‌లో ఒక కోలీసియంలో పరిచి, సైబర్ నింజాస్ అనే కంపెనీ నెలల తరబడి తిరగేసింది. ఓట్లు ఆసియా నుంచి వచ్చి పడ్డాయేమోనని కాగితంలో వెదురు పీచు కోసం కూడా వెతికారు. చివరికి వాళ్ళ లెక్కలోనే బైడెన్‌కి 99 ఓట్లు పెరిగి, ట్రంప్‌కి 261 తగ్గాయి. వెదురు దొరకలేదు. అయినా ఎవడి మనసూ మారలేదు.

మనసులు మారింది ఎప్పుడో తెలుసా, 2024 నవంబరులో. ప్యూ అనే సర్వే సంస్థ లెక్కలో ఎన్నికలు బాగా జరిగాయి అన్న ట్రంప్ ఓటర్లు 2020లో 21 శాతం, 2024లో 93 శాతం. అదే జార్జియా, అవే డొమినియన్ మెషీన్లు, అదే ఫుల్టన్ కౌంటీ. యూరినల్ కూడా అదేనేమో. గెలిచేసరికి అన్నీ శుద్ధి అయిపోయాయి, పుణ్యాహవచనం ఖర్చు కూడా లేకుండా. ఇటు ఓడిన వైపు వాళ్ళు కొందరు మర్నాడే ఎలాన్ మస్క్ స్టార్‌లింక్ శాటిలైట్లు ఓట్లు మింగేశాయి అని మొదలెట్టారు, వాళ్ళని కూడా వదలకూడదు, కాకపోతే వాళ్ళ నాయకురాలు కమలా హారిస్ మర్నాడే ఓటమి ఒప్పుకునేసరికి ఆ పొయ్యి రాజుకోలేదు. మనం మాత్రం తక్కువా, ఆంధ్రాలో 2019లో ఓడినవాళ్ళకి ఈవీఎంల మీద అనుమానం, 2024లో ఓడినవాళ్ళకీ అవే ఈవీఎంల మీద అనుమానం, గెలిచినవాళ్ళకి మాత్రం రెండుసార్లూ ప్రజా తీర్పు మీద అచంచలమైన విశ్వాసం. కాకపోతే మన దగ్గర మెషీన్‌ని తిట్టి ఊరుకున్నారు. ఇక్కడ మెషీన్ పక్కన కూర్చున్న మనిషి ఇంటి అడ్రస్ వెతికారు, నాకు తేడా అక్కడ కనపడుతుంది.

నీ ఖరీదు సంగతి కూడా విను, గర్వపడతావు. 2023 డిసెంబరులో వాషింగ్టన్ జ్యూరీ ఆ తల్లీకూతుళ్ళకి జూలియానీ కట్టాల్సిన నష్టపరిహారం దాదాపు 14.8 కోట్ల డాలర్లు అని తేల్చింది. వారం తిరక్కుండా ఆయన దివాలా పిటిషన్ వేశాడు. మరుసటి ఏడు జడ్జి గారు మన్‌హాటన్ అపార్ట్‌మెంటు, చేతి గడియారాలు, ఒకప్పుడు హాలీవుడ్ హీరోయిన్ లారెన్ బకాల్‌ది అయిన పాత మెర్సిడెస్, అన్నీ అప్పజెప్పమన్నాడు. చివరికి 2025 జనవరిలో సెటిల్ అయ్యింది, ఆయన ఇల్లూ వస్తువులూ ఆయనకే ఉన్నాయి, ఇంకెప్పుడూ వాళ్ళ గురించి అలా మాట్లాడనని మాటిచ్చాడు. సాధారణంగా బిళ్ళ కొంటే చిల్లర తిరిగొస్తుంది, నీ విషయంలో మెర్సిడెస్ పోబోయింది.

ఆ సెటిల్‌మెంట్ వార్త నేనే గ్రూపులో పెట్టా, 2023లో జార్జియా ఎలక్షన్ బోర్డు ఇద్దర్నీ నిర్దోషులని తేల్చి ఫైలు మూసేసిన సంగతి కూడా కలిపి. బాబాయి చూశాడు, రెండు నీలం టిక్కులు. ఈయనకి ఇప్పటికీ ఇక్కడ ఓటు లేదు, హెచ్ వన్ బీ మీద వచ్చి గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాడు, ఈ దేశంలో ఏ ఎన్నికలోనూ వేలు పెట్టే అర్హత లేని మనిషి, కానీ విధేయతలో పుట్టు పౌరులని కూడా మించిపోయాడు. చాలాసేపు టైపింగ్ అని చూపించింది. ఆఖరికి వచ్చిన మెసేజ్ ఇదీ: "నిజంగా పిప్పరమెంటే అయితే ఆ పిప్పరమెంటు ఏది? ఒక్కసారైనా కోర్టులో చూపించారా? చప్పరించేశారు, అంటే సాక్ష్యం మాయం చేసినట్టే కదా."

ఇట్లు
ఆ గ్రూపుని శాశ్వతంగా మ్యూట్‌లో పెట్టిన నీ పెదనాన్న