‘ఉండాల తల్లీ, కనబడ్డం లేదు’: మన కొట్ల లెక్కకూ ఒక పరిశోధకుడు కావాలి

శ్రీకాకుళంలో నాకు పెదనాన్న వరసైన ఒకాయన నలభై ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. మొన్న వేసవిలో నేను అక్కడ కూర్చుని ఉండగా ఒకావిడ సగ్గుబియ్యం కోసం వచ్చింది. ఆయన రెండు అరలు వెతికారు, నూనె డబ్బాల వెనక చెయ్యి పెట్టి చూశారు. "ఉండాల తల్లీ, నిన్ననే దింపినాం. కనబడ్డం లేదు" అన్నారు. ఆవిడ ఎదురు కొట్టుకి వెళ్లిపోయింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి సగ్గుబియ్యం సంచి ఉప్పు బస్తాల వెనక దొరికింది. పెట్టుబడి పెట్టారు, సరుకు వచ్చింది, కొనే మనిషి గుమ్మంలోకి వచ్చింది. అయినా బేరం జరగలేదు.

ఇలాంటి నష్టాల మీదే ఏళ్ల తరబడి పనిచేసిన ప్రొఫెసర్ ఒకరున్నారు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో అనంత్ రామన్. నికోల్ డిహొరేషియస్ అనే పరిశోధకురాలితో కలిసి ఆయన ఒక పెద్ద చిల్లర వర్తక సంస్థకు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3 లక్షల 70 వేల స్టాకు పద్దులు పరిశీలించారు. కంప్యూటర్ చెప్పిన సంఖ్యకీ అరలో ఉన్న సరుకుకీ నూటికి 65 పద్దుల్లో పొంతన కుదరలేదు. ఆయన, జైనెప్ టాన్ అనే మరో పరిశోధకురాలు, డిహొరేషియస్ ముగ్గురూ 2001లో రాసిన వ్యాసంలో ఇంకో సంస్థ సంగతి ఉంది. అక్కడ నూటికి 16 సరుకులు కొనడానికి వచ్చినవాళ్లకి దొరకడం లేదు. దుకాణంలో లేక కాదు, ఉండాల్సిన చోట లేక. సగ్గుబియ్యం కథే ఇది. కోట్ల పెట్టుబడి, కంప్యూటర్లు, బార్‌కోడ్‌లు అన్నీ ఉన్నచోట కూడా ఇదే జరుగుతోంది.

ఈ పరిశోధనలో నన్ను కట్టిపడేసింది దాని ఓపిక. పద్దులో ఏముందో అరలో అదే ఉంటుందని నమ్మి, గదిలో కూర్చుని లెక్కలు వేసుకోవచ్చు. వీళ్లు ఆ నమ్మకాన్నే అనుమానించారు. అర దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటీ లెక్కపెడితే తప్ప బయటపడని నిజం అది. మన జిల్లాల కొట్ల గురించి అలా లెక్కపెట్టి చెప్పేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అప్పటి నుంచీ వెతుకుతున్నాను. నాకైతే కనబడలేదు.

రామన్ అంతకుముందు చేసిన పని మరొకటి విజయనగరానికి అతికినట్టు సరిపోతుంది. అమెరికాలోని ఆస్పెన్‌లో మంచు ఆటల దుస్తులు అమ్మే ఓబర్‌మేయర్ అనే కంపెనీ ఉంది. అమ్మకాలు చలికాలంలో, ఆర్డర్లు మాత్రం చాలా నెలల ముందే ఇవ్వాలి. ఏ రంగు కోటు ఎన్ని పోతాయో ఎవరికి తెలుసు? కమిటీలో అందరూ ఒకచోట కూర్చుని ఒకే అంకె చెప్పే బదులు, ఎవరి అంచనా వాళ్లు విడిగా రాసివ్వండి అన్నారు. అందరి అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్న రకాల్లో అంచనా నిజమైంది. ఒకరు వంద, ఒకరు వెయ్యి అన్న రకాల్లో తప్పింది. కాబట్టి మొదటి రకం ముందే కుట్టించెయ్యాలి, రెండో రకానికి తొలి అమ్మకాలు చూసేదాకా ఆగాలి. మార్షల్ ఫిషర్‌తో కలిసి 1990లలో చేసిన ఈ పనితోనే ఆయనకి పేరొచ్చింది.

ఇప్పుడు విజయనగరం పైడితల్లి అమ్మవారి పండగ చూడండి. దసరా వెళ్లాక వచ్చే సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలదు. ఆ రెండు రోజుల కోసం గాజులవాళ్లూ బొమ్మలవాళ్లూ తెచ్చుకున్న సరుకు బుధవారం పొద్దున్నకి సగం విలువ చెయ్యదు. డజను గాజులు 60 రూపాయలకి తెచ్చి 100కి అమ్ముతారనుకుందాం. మిగిలిపోతే 30కి వదిలించుకోవాలి. సరుకు చాలకపోతే డజనుకి 40 లాభం పోతుంది, మిగిలితే 30 నష్టం వస్తుంది. ఈ రెంటినీ తూకం వేస్తే లెక్క ఇలా తేలుతుంది: ఏడు పండగల్లో నాలుగింటికి సరిపోయేంత సరుకు తెచ్చుకోవాలి, మిగతా మూడింట తక్కువ పడినా బాధపడక్కర్లేదు. అనుభవమున్న వ్యాపారి మనసులో ఈ లెక్క ఉంటుంది. కొత్తగా అప్పు చేసి బండి పెట్టుకున్న కుర్రాడికి ఉండదు. వాడికి పక్కబండి వాడు ఎంత తెస్తే అంతే. పైగా విశాఖ పూర్ణా మార్కెట్ గంటన్నర, రెండు గంటల దూరంలోనే ఉంది. తొలేళ్ల నాడు ఏ రంగు గాజులు పోతున్నాయో చూసి, ఆ రాత్రే ఒకరిని పంపి సరుకు దింపించుకోవచ్చు. ఒక్క రాత్రిలో సరుకు తెప్పించుకోవడం ఆస్పెన్ కంపెనీకి దొరకని వెసులుబాటు. పదిమంది గాజుల వ్యాపారుల దగ్గర మూడేళ్ల పాటు పద్దు రాసుకుంటే చాలు, దీని మీద మంచి పీహెచ్‌డీ అవుతుంది.

కొట్టు సంగతి అలా ఉంచి, సరుకు ఇంటికి చేర్చే పని చూస్తే మన జిల్లాల తీరు ఇంకా వేరు. మందస మండలంలో ఒక ఊళ్లో నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. పార్శిల్ తెచ్చిన కుర్రాడు బండి స్టాండు వేసి ఫోన్ చేస్తున్నాడు. అవతల ఎత్తింది హైదరాబాదులో ఉన్న కొడుకు. అమ్మకి మిక్సీ బుక్ చేసి, నంబరు మాత్రం తనదిచ్చాడు. "రామమందిరం దాటాక రెండు కొబ్బరిచెట్లు కలిసి ఉంటాయి అన్నా, అక్కడ ఎడమకి తిరుగు" అంటున్నాడు. ఆ చెట్లు 2018 అక్టోబరు తిత్లీ తుపానుకే పడిపోయాయి. కొడుకు మనసులో ఇంకా నిలబడే ఉన్నాయి. కుర్రాడు వీధంతా రెండుసార్లు తిరిగాడు. అరుగు మీద కూర్చున్న ముసలాయన "ఎవరింటికి బాబూ?" అని అడిగితే గాని ఇల్లు దొరకలేదు. తీరా వెళ్తే ఆవిడ జీడితోటకి పోయింది.

తపాలా శాఖ 1972లో పిన్‌కోడ్ తెచ్చింది. 2025 మేలో డిజిపిన్ తెచ్చింది. ఇంచుమించు నాలుగు మీటర్ల చదరానికి ఒక కోడ్, పది అక్షరాలు, అంకెలు కలిపి. మంచి పనే, వీధి వెతుకులాట దీనితో తగ్గుతుంది. ఆవిడ జీడితోట నుంచి ఎన్నింటికి వస్తుందో మాత్రం ఆ కోడ్ చెప్పదు. వలస ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి ప్రాంతంలో కొనేది ఒకరు, అందుకునేది ఇంకొకరు, డబ్బు ఎక్కడో ఉన్న మూడో మనిషి ఫోన్లో. వస్తువు కొన్నవాడే గుమ్మంలో ఉంటాడనుకుని వేసిన లెక్కలు ఇక్కడ ఎలా నడుస్తాయి?

దూరం లెక్క కూడా ఒకటుంది. 1959లో బియర్డ్‌వుడ్, హాల్టన్, హామర్‌స్లీ అనే ముగ్గురు గణితవేత్తలు ఒక సూత్రం నిరూపించారు. ఒకే ప్రాంతంలో తిరగాల్సిన ఇళ్లు నాలుగింతలైతే మొత్తం తిరుగుడు సుమారు రెండింతలే అవుతుంది. అంటే ఒక్కో ఇంటికి పడే దూరం సగానికి తగ్గుతుంది. విజయనగరం కంటోన్మెంట్‌లో డెలివరీ గిట్టుబాటై, కొత్తూరు పక్క పల్లెల్లో గిట్టకపోవడానికి అసలు కారణం ఇదే. పల్లెవాళ్లకి కొనే ఆసక్తి లేక కాదు, ఇళ్లు దూరం దూరంగా ఉండడం వల్ల. పది ఆర్డర్లు పదిరోజుల్లో విడివిడిగా వెళ్లే బదులు సంతరోజున ఒక్కసారే వెళితే ఖర్చు ఎంత తగ్గుతుందో ఈ సూత్రంతోనే అంచనా వెయ్యొచ్చు.

ఇంటింటికీ సరుకు చేర్చడంలో మన రాష్ట్రం చేసినంత పెద్ద ప్రయోగం దేశంలో అరుదు. అది మొదలైంది కూడా ఇక్కడే. 2019 సెప్టెంబరులో రేషన్ బియ్యం ఇంటికి ఇవ్వడం ముందుగా శ్రీకాకుళం జిల్లాలో పెట్టి చూశారు. 2021లో రాష్ట్రమంతా 9,260 బండ్లు రోడ్డెక్కాయి. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆపి, మళ్లీ రేషన్ షాపులకే మళ్లించారు. 65 ఏళ్లు దాటినవాళ్లకీ దివ్యాంగులకీ మాత్రం ఇంటికే ఇస్తామన్నారు. పెట్టినప్పుడూ తీసేసినప్పుడూ వాదన పార్టీల మధ్యే నడిచింది. నాకు కావలసిన లెక్క వేరు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగితే గంటకి ఎన్ని కార్డులవుతాయి, వీధి మొగలో ఆగితే ఎన్నవుతాయి? సిగ్నల్ లేక వేలిముద్ర పడకపోతే వెనకున్నవాళ్లు ఎంతసేపు ఎండలో నిలబడతారు? కూలికి పోయిన ఇంటికి రెండోసారి ఎవరు వెళ్లాలి? షాపుకి నడిచి వెళ్లే మనిషి పోగొట్టుకునే పూట కూలి ఎంత? ఏ ప్రభుత్వం ఏ పద్ధతి పెట్టినా ఈ నాలుగు ప్రశ్నలు తప్పవు. వాచీ, నోటుపుస్తకం పట్టుకుని ఆరు నెలలు బండి వెనక తిరిగితే దొరికే జవాబులివి.

డెలివరీ కుర్రాళ్ల సంగతికొస్తే, 2020-21లో దేశంలో గిగ్ పనివాళ్లు (నెల జీతం కాకుండా ఒక్కో పనికి ఇంతని తీసుకునేవాళ్లు) 77 లక్షలనీ, 2029-30కి 2 కోట్ల 35 లక్షలవుతారనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. వీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా ముందు చూసేది ఖర్చు తగ్గించడమే. జైనెప్ టాన్ పరిశోధన చెప్పేది దీనికి ఎదురు. ఒక సంస్థకు చెందిన దుకాణాల లెక్కలు తీసి, సిబ్బంది గంటలు పెంచినచోట పని సవ్యంగా జరిగి లాభం పెరిగిందని చూపించారు. పనివాడి మీద పెట్టే డబ్బు దండగ కాదని లెక్కలతో చెప్పడం మామూలు విషయం కాదు. మందసలో ఆ కుర్రాడు ఒక్క మిక్సీ కోసం పోగొట్టుకున్న అరగంటకి కూలి ఎవరిస్తారు? రేపు మళ్లీ రావాలి, పెట్రోలు అతనిదే.

ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది. ఎంబీఏ చదివే మన పిల్లలు ప్రాజెక్టు కోసం విశాఖ, హైదరాబాదు కంపెనీల చుట్టూ తిరిగి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. ఆ రెండు నెలలూ వాళ్లని ఆమదాలవలస, నరసన్నపేట, బొబ్బిలి బజార్లలో ఇరవై కొట్లకి పంపితే బాగుంటుందని నా కోరిక. పొద్దున్న కొట్టు తెరిచినప్పటి నుంచి కట్టేదాకా పక్కన కూర్చోవాలి. వచ్చినవాళ్లు ఏమడిగారు, ఏది దొరకలేదు, దొరకనిది నిజంగా లేదా, లేక వెనకెక్కడో ఉందా అని రాసుకోవాలి. ఏటా ఇదే చేయించి, ఆ నోటుపుస్తకాలన్నీ భద్రపరిచే ఒక్క అధ్యాపకుడు ఉంటే చాలు. పదేళ్లకి ఉత్తరాంధ్ర చిల్లర వర్తకం గురించి అంత తెలిసినవాళ్లు ఇంకెక్కడా ఉండరు.

మా పెదనాన్నని అడిగాను, పిల్లల్ని పంపితే కూర్చోనిస్తారా అని. "రమ్మను. ముందు ఆ ఉప్పు బస్తాలు అటు జరపమను" అన్నారు.